నాన్నకి మెదడులో లింఫోమా, కీమోతో గడ్డ కరిగింది. ఇప్పుడు రేడియేషన్ పెట్టించాలా?

చించినాడ అమ్మాయి:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నకి 64 ఏళ్లు, కొబ్బరి వ్యాపారం. సంక్రాంతి తర్వాత నుంచి దింపు లెక్కలు తప్పడం మొదలైంది. ఒకే రైతుకి రెండుసార్లు డబ్బులిచ్చారు. వయసు అనుకున్నాం. తర్వాత కుడి చెయ్యి పట్టు తప్పింది. ఎమ్మారై తీస్తే మెదడులో లోతుగా రెండు గడ్డలు.

మొదట చూపించిన చోట వాపు తగ్గడానికని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే మనిషి లేచి కూర్చుని పేపరు చదివారు. నయమైపోయిందని ఇంటికి తెచ్చేసుకున్నాం. విశాఖ వెళ్లాక అక్కడి డాక్టర్లు ఆ మందుకి గడ్డ తాత్కాలికంగా కరిగిందని చెప్పి, స్టెరాయిడ్ ఆపించి, కొన్నాళ్లు ఆగి, గడ్డ మళ్లీ కనిపించాకే ముక్క తీసి పరీక్షకి పంపారు. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా అని వచ్చింది, తెల్ల రక్తకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సరట. ఒళ్లంతా పెట్ స్కాన్ చేస్తే ఇంకెక్కడా లేదు, మెదడులోనే ఉంది.

కీమో కింద హై డోస్ మెథోట్రెక్సేట్, రిటుక్సిమాబ్ అనే మందులు ఇచ్చారు. దేవుడి దయ, ఇప్పుడు ఎమ్మారైలో గడ్డలు లేవు. నాన్న మళ్లీ లెక్కలు రాసుకుంటున్నారు.

అసలు ప్రశ్న ఇది. తలకి తక్కువ డోసు రేడియేషన్, 13 సార్లు, మొత్తం 23.4 గ్రే (రేడియేషన్ డోసుకి కొలత అట) పెట్టొచ్చు, లేదా పెట్టకుండా కనిపెట్టుకుని ఉండొచ్చు, ఆలోచించుకుని చెప్పండి అన్నారు. స్టెమ్ సెల్ (మూలకణాల) మార్పిడికి గుండె సహకరించదట. అమెరికాలో ఉన్న బావ వద్దే వద్దంటున్నాడు, అదంతా పాతకాలం వైద్యం అంటున్నాడు. మేనత్తేమో కరెంటు పెట్టించేస్తే వేళ్లతో సహా పోతుంది కదా అంటోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

భీమవరం బుల్లోడు:
ధైర్యంగా ఉండు చెల్లెమ్మా. గడ్డ కరిగిందంటేనే సగం గెలిచినట్టు. డాక్టర్ గారొకరు ఉన్నారు మన గ్రూపులో, ఆయన్ని పిలుస్తున్నాను. @కాకినాడ ఆంకో గారూ, ఒకసారి ఇటు చూడండి.

తణుకు తమ్ముడు:
అక్కా, మా నాన్న సంగతి చెప్తాను. భయపెట్టడానికి కాదు.

ఆయనకీ ఇదే జబ్బు, అప్పుడు 66. కీమో అయ్యాక తలంతా రేడియేషన్ పెట్టారు, 45 గ్రే. గడ్డ మళ్లీ రాలేదు. ఇప్పటికీ స్కాన్‌లో ఏమీ లేదు. కానీ ఏడాది దాటాక నడక మారింది. చదునైన గచ్చు మీద కూడా కాళ్లు ఈడుస్తూ, అడుగు నేలకి అంటుకుపోయినట్టు నడిచేవారు. తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం. తర్వాత మాటలు తగ్గిపోయాయి. కాలువ ఎప్పుడు వదుల్తారో, దాళ్వాకి ఏ విత్తనం వేయాలో ఊరంతా వచ్చి అడిగే మనిషి, అన్నం తిన్నారో లేదో చెప్పలేని స్థితికి వచ్చారు. అమ్మే అన్నీ చూసుకుంటోంది.

జబ్బు పోయింది కదా అంటారు అందరూ. అవును, పోయింది. అంతకంటే నేనేం చెప్పను. సంతకం పెట్టేటప్పుడు ఈ సంగతి మాకు ఎవరూ వివరంగా చెప్పలేదు. జుట్టు రాలుతుంది, నీరసం ఉంటుంది అన్నారంతే.

ఊబలంక శ్రీను:
తమ్ముడూ, మీ బాధ అర్థమైంది. కానీ అందరికీ అలాగే అవుతుందని ఆమె అనుకుంటే కష్టం. మా అమ్మకి 52లో వచ్చింది. కీమోతో తగ్గి, మళ్లీ తిరగబడింది. అప్పుడు తలకి రేడియేషన్ పెట్టారు. ఇవాళ్టికీ వంట, పాడి, చీటీపాటల లెక్కలు అన్నీ అమ్మే. అప్పుడప్పుడు పేర్లు మర్చిపోతుంది, అంతే. రేడియేషన్ లేకపోతే మాకు అమ్మ లేదు. దాన్ని భూతంలా చూపించొద్దు.

పచ్చాకు వైద్యం:
అమ్మా, ఈ కరెంట్లూ కీమోలూ ఎందుకు. మన లంకల్లో దొరికే ఆకు పసరు 41 రోజులు తాగితే ఏ గడ్డయినా కరుగుతుంది. గ్యారంటీ. నంబర్ ఇస్తాను
(నంబరు తొలగించబడింది – మోడరేటర్)

మోడరేటర్:
ఫోన్ నంబర్లు, గ్యారంటీ మందులు ఇక్కడ పెట్టొద్దని నిబంధనల్లో మొదటిదే. ఇంకోసారి జరిగితే ఖాతా ఆపేస్తాం.

కాకినాడ ఆంకో:
ఆలస్యానికి మన్నించండి, ఓపీ ఇప్పుడే అయింది. నేను రేడియేషన్ ఆంకాలజీ చేస్తాను. మీ నాన్నగారి స్కాన్లు నేను చూడలేదు కాబట్టి "పెట్టించండి", "వద్దు" అని చెప్పను. ఏ లెక్కతో ఆలోచిస్తారో చెప్తాను.

ముందు పసరు సంగతి. మెథోట్రెక్సేట్ కిడ్నీల ద్వారా బయటికి పోవాలి. పోవడం ఆలస్యమైతే అదే విషం. అందుకే సెలైన్లు ఎక్కించి, సోడా బైకార్బొనేట్‌తో మూత్రం క్షారంగా ఉంచి, తర్వాత విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇచ్చి, రక్తంలో మందు పడిపోయేదాకా ఇంటికి పంపరు. ఆ రోజుల్లో మామూలు నొప్పి బిళ్లలు, గ్యాస్ బిళ్ల పాంటాప్రజోల్, సెప్ట్రాన్ కూడా మానేయమంటాం. ఊరూ పేరూ లేని పసరు తాగితే ఏమవుతుందో ఊహించుకోండి.

మీ మేనత్తగారి ప్రశ్నకి వద్దాం. ఈ లింఫోమా రేడియేషన్‌కి బాగా కరుగుతుంది, అది నిజం. ఒకప్పుడు రేడియేషన్ ఒక్కటే వైద్యం. అమెరికాలో మెదడు మొత్తానికి 40 గ్రే, గడ్డ ఉన్నచోటికి ఇంకో 20 గ్రే పెట్టి చూశారు. 1992లో ఫలితాలు వచ్చాయి. చాలామందిలో గడ్డ కరిగింది, కానీ సగం మంది దాదాపు ఏడాదికి మించి బతకలేదు. జబ్బు తిరగబడింది. వేళ్లతో సహా పోవడం అన్నది జరగలేదు.

ఎందుకంటే ఇది చేలో తుంగ లాంటిది. పైకి ఒకటో రెండో దుబ్బులు కనిపిస్తాయి, కింద మడి అంతా పాకి ఉంటుంది. కనిపించిన గడ్డ వరకే ఆపరేషన్ చేసి తీసేయడం వల్ల పెద్దగా ఉపయోగం లేనిదీ, రేడియేషన్ పెడితే మెదడు మొత్తానికి పెట్టాల్సి వచ్చేదీ అందుకే.

మెథోట్రెక్సేట్ ఎక్కువ డోసులో ఇస్తే మెదడులోకి చేరుతుందని తెలిశాక కథ మారింది. ఇప్పుడు మొదటి వైద్యం అదే. మరి కీమోతో పూర్తిగా కరిగినవాళ్లకి పైన రేడియేషన్ కలపాలా? జర్మనీలో 551 మందిని తీసుకుని ఇదే ప్రశ్న వేశారు, 2010లో ప్రచురించారు. 45 గ్రే పెట్టినవాళ్లూ పెట్టనివాళ్లూ బతికిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జబ్బు తిరగబడకుండా ఉన్న కాలం మాత్రం రేడియేషన్ వైపు కాస్త ఎక్కువగా కనిపించింది. చాలామంది అనుకున్న పద్ధతి ప్రకారం వైద్యం పూర్తి చేయలేదు కాబట్టి ఆ పరిశోధన మీద ఇప్పటికీ వాదనలున్నాయి. అయినా ఆ తర్వాత, ముఖ్యంగా 60 దాటినవాళ్లలో, మేం చేయి వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాం.

తణుకు తమ్ముడు గారు చెప్పింది ఆ చేయి వెనక్కి తీసుకోవడానికి కారణం. నడక, మూత్రం, జ్ఞాపకం, ఈ మూడూ అదే వరుసలో కాకపోయినా కలిసి దెబ్బతినడం మాకు తెలిసిన చిత్రమే. మెదడులోని తెల్ల పదార్థం దెబ్బతినడం వల్ల వస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. మెథోట్రెక్సేట్ కూడా పడి ఉంటే ఇంకా ఎక్కువ. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది, మొదలయ్యాక వెనక్కి తిప్పే మందు లేదు.

మిగతాది రాత్రి రాస్తాను, వార్డుకి పిలుస్తున్నారు.

చించినాడ అమ్మాయి:
చాలా థాంక్స్ సార్. ఒక సందేహం. మొదట రేడియేషన్ పెట్టేసి తర్వాత కీమో ఇచ్చే పద్ధతి లేదా? నాన్నకి మొదట చూపించిన చోట అదే అన్నారు.

లినాక్ బాబాయ్:
నేను డాక్టర్ని కాదమ్మా, రేడియేషన్ మెషిన్ నడిపే టెక్నాలజిస్టుని. మాది ముమ్మిడివరం, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఎలా పెడతారో నేను చెప్తాను, పెట్టాలా వద్దా అన్నది సారు చెప్తారు.

పేషెంట్లు సగం భయం మాస్క్ చూసి పడతారు. ప్లాస్టిక్ వల ఉంటుంది, వేడినీళ్లలో పెడితే మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద పరిచి, చల్లారి గట్టిపడేదాకా పట్టుకుంటాం. ముఖం అచ్చు దిగుతుంది. తల కదలకుండా ఉండటానికే అది. రంధ్రాలుంటాయి, గాలి ఆడుతుంది. ఆ అచ్చుతోనే సీటీ తీసి, కంప్యూటర్‌లో ప్లాన్ చేసి, తర్వాత మెషిన్ మీదికి తెస్తాం. మీసం, గడ్డం ఉన్న పెద్దవాళ్లని ముందే ఎలా ఉంచుకోవాలో నిర్ణయించుకోమంటాను. అచ్చు తీశాక గీసేస్తే వదులైపోతుంది.

రోజూ బల్ల మీద పది పదిహేను నిమిషాలు. అసలు కిరణం పడేది అందులో కొద్ది నిమిషాలే. కరెంటు అంటారు గానీ షాక్ ఏమీ కొట్టదు, నొప్పి తెలీదు. వారానికి అయిదు రోజులు, శని ఆదివారాలు సెలవు. ఈ లింఫోమాకి పెడితే కంటి వెనక భాగం కూడా ఫీల్డ్‌లోకి, అంటే కిరణం పడే చోటులోకి తీసుకుంటారు, మెడ పైభాగం దాకా వస్తుంది. జుట్టు ఊడుతుంది. తల మీద చర్మం ఎర్రబడుతుంది, నూనె రాయొద్దు. చెవులు దిబ్బళ్లు వేసినట్టుంటుంది. అన్నిటికంటే నీరసం. అయిపోయిన నెలా నెలన్నరకి కొందరు పగలంతా నిద్రపోతారు, ఇంట్లోవాళ్లు జబ్బు తిరగబడిందని పరుగెత్తుకొస్తారు. చాలావరకు అది తగ్గిపోతుంది, కానీ డాక్టరుకి చూపించాకే ఆ మాట అనుకోండి.

భీమవరం బుల్లోడు:
బాబాయ్ గారూ, మా ఊళ్లో ఒకాయన కరెంటు పెట్టించుకుంటే ఇంట్లో చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. నిజంగా ప్రమాదమా?

లినాక్ బాబాయ్:
లేదు నాయనా. బయటినుంచి పడే కిరణం మెషిన్ ఆగగానే ఆగిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. జలుబున్న పిల్లల్ని దూరం పెట్టడం వేరు, అది కీమో వల్ల కణాలు పడిపోతాయి కాబట్టి.

వశిష్ఠ గట్టు:
నేనూ రాయొచ్చా. మా ఆయనకి వెన్నుపూసలో లింఫోమా. రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే మనిషి, వీపు మధ్యలో నొప్పి అంటే బస్తాలెత్తినందుకు అనుకున్నాం. జెండూబామ్, కట్టు, మాలిష్. ఒకరోజు పొద్దున్న లేచేసరికి కాళ్లు బరువెక్కాయి, సాయంత్రానికి మూత్రం బిగిసింది. రాత్రికి రాత్రి కారులో తీసుకెళ్లాం. ఎమ్మారైలో వెన్నుపాముని గడ్డ నొక్కేస్తోందన్నారు. స్టెరాయిడ్ పెట్టి, వెంటనే ఆ ముక్కకి రేడియేషన్ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆర్-చాప్ కీమో. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని చెరువు దాకా నడుస్తున్నారు.

మరి మాకు వెంటనే రేడియేషన్ మంచిదైతే, మీకు ఎందుకు ఆలోచించమంటున్నారో నాకూ తెలుసుకోవాలనుంది.

కాకినాడ ఆంకో:
రెండు ప్రశ్నలకీ కలిపి చెప్తాను.

వశిష్ఠ గట్టు గారూ, మీ ఆయనది వెన్నుపాము బయట, ఎముకకీ వెన్నుపాము పొరకీ మధ్య పెరిగిన గడ్డ అయి ఉంటుంది. చాప్ ఇచ్చారంటే మిగతా ఒంట్లో లింఫోమాకి చేసే వైద్యమే చేశారు. వెన్నుపాము నొక్కుకుపోతుంటే ప్రతి గంటా లెక్కే. అక్కడ ఫీల్డ్ చిన్నది, లింఫోమా తక్కువ డోసుకే కుంచించుకుపోతుంది, మెదడు జోలికి పోం. ఎవరికైనా సరే, వీపు నొప్పితో పాటు కాళ్ల బలహీనత, మూత్రం బిగియడం, నడుము కింద తిమ్మిరి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. మీరు ఆ రాత్రే బయల్దేరారు కాబట్టే ఆయన నడుస్తున్నారు.

లింఫోమా వెన్నునీటిలోకి పాకితే వెన్నంతా రేడియేషన్ పెట్టొచ్చు కదా అని కొందరు అడుగుతారు. అరుదుగా తప్ప పెట్టం. వెన్నెముకల్లో మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, తర్వాత కీమో ఇవ్వడానికి దారి మూసుకుపోతుంది. వెన్నులోకి చేరే కీమోతోనే నెట్టుకొస్తాం.

ఇక ముందు రేడియేషన్, తర్వాత మెథోట్రెక్సేట్ అన్న మాట. ఆ వరుస వద్దు. రేడియేషన్ పడ్డ మెదడులో రక్తనాళాల కాపలా సడలుతుంది, తర్వాత వచ్చే మెథోట్రెక్సేట్ మంచి కణాల్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. మీ నాన్నగారికి కీమో ముందు పడటం సరైన వరుసే. మెథోట్రెక్సేట్ తట్టుకునే కిడ్నీలు లేనివాళ్లు, కీమోకి లొంగనివాళ్లు, శ్రీను గారి అమ్మగారిలా తిరగబడినవాళ్లు, వీళ్లకి రేడియేషన్ నిజంగా అక్కరకొస్తుంది. కాబట్టి పాతకాలం వైద్యం అన్న మీ బావగారి మాటతో నేను ఏకీభవించను.

ఇప్పుడు 23.4 గ్రే. ఇది పాత 45లో దాదాపు సగం. రోజుకి 1.8 చొప్పున 13 సార్లు. కీమోతో పూర్తిగా కరిగినవాళ్లకి ఈ చిన్న డోసు చాలదా అన్న ఆలోచనతో వచ్చింది. అమెరికాలో ఆర్టీఓజీ 1114 అనే పరిశోధనలో కీమో ఒక్కటే ఒకవైపు, కీమోతో పాటు ఈ డోసు ఇంకోవైపు పెట్టి చూశారు. రెండేళ్ల దగ్గర జబ్బు పెరగకుండా ఉన్నవాళ్లు రేడియేషన్ వైపు 78 శాతం, లేని వైపు 54. చిన్న పరిశోధనే, వంద మంది కూడా లేరు. అయినా తేడా కొట్టిపారేసేది కాదు. మీ డాక్టర్లు ఈ డోసు పేరెత్తారంటే ఊరికే అనలేదు.

నా అభిప్రాయం అడిగితే, 50 ఏళ్ల మనిషికి మార్పిడి కుదరకపోతే నేను ఈ చిన్న డోసు వైపు మొగ్గుతాను. 75 ఏళ్ల మనిషికి, పూర్తిగా కరిగి ఉంటే, రేడియేషన్‌ని తర్వాతకి దాచుకుంటాను. 64 సరిగ్గా మధ్యలో పడింది. అందుకే మీ డాక్టరు నిర్ణయం మీకు వదిలారు.

తణుకు తమ్ముడు:
డాక్టర్ గారూ, సగం డోసు అంటే సగం నష్టమే అని రాసిస్తారా?

కాకినాడ ఆంకో:
రాసివ్వను తమ్ముడూ. ఇప్పటిదాకా వచ్చిన పరీక్షల్లో పెద్ద డోసు కంటే బాగానే కనిపిస్తోంది. అంతకు మించి మాటివ్వడం తప్పు.

ఊబలంక శ్రీను:
పెట్టకుండా ఉంటే, తిరగబడినప్పుడు పెట్టించుకోవచ్చు కదా సార్? మా అమ్మకి అలాగే కదా చేశారు.

కాకినాడ ఆంకో:
పెట్టొచ్చు. "దాచుకుంటాను" అన్నది అందుకే. కానీ తిరగబడినప్పుడు మనిషి మంచం పట్టి ఉండొచ్చు, కొత్త గడ్డ ఇంకో చోట వచ్చి మాట పడిపోవచ్చు. మీ అమ్మగారిది త్వరగా దొరికింది. అందుకే దాచుకునే దారి ఎంచుకుంటే ఎమ్మారై తప్పకూడదు, మొదటి రెండేళ్లు సుమారు మూడు నెలలకోసారి. కంటి పరీక్ష కూడా చేయించండి, ఈ లింఫోమా కంట్లోకి వస్తుంది. చూపు మసకబారితే శుక్లం అనుకుని అద్దాలు మార్చుకుంటూ కూర్చోవద్దు.

మీ డాక్టరుని ముఖ్యంగా అడగాల్సినవి ఇవి: గడ్డ పూర్తిగా కరిగిందా లేక మచ్చ మిగిలిందా, వెన్నునీరు, కళ్లు శుభ్రంగా ఉన్నాయా, రేడియేషన్ పెట్టకపోతే బదులుగా జబ్బు తిరగబడకుండా నిలబెట్టే మందు ఏదైనా ఇస్తారా. ఇంకోటి, ఏ నిర్ణయం తీసుకున్నా ముందు నాన్నగారికి జ్ఞాపకశక్తి పరీక్ష రాయించి ఉంచండి. రేపు తేడా వస్తే పోల్చుకోవడానికి ఉంటుంది.

నాన్నగారిని అడిగారా? ఇంతసేపూ మేనత్తగారు, బావగారు ఏమన్నారో చెప్పారు.

చించినాడ అమ్మాయి:
లేదు సార్. క్యాన్సర్ అన్న మాటే ఇంట్లో ఎవరం ఆయన ముందు అనలేదు.

వశిష్ఠ గట్టు:
ఆయనకి తెలిసే ఉంటుందమ్మా. మా ఆయనకి వార్డులో పక్క మంచం ఆయన ద్వారా తెలిసిపోయింది. మేం చెప్పలేదని నెలపాటు మాతో సరిగ్గా మాట్లాడలేదు.

భీమవరం బుల్లోడు:
ఖర్చు సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఆరోగ్యశ్రీలో, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో, రేడియేషన్ ఉందా?

లినాక్ బాబాయ్:
క్యాన్సర్ రేడియేషన్ ఉంది. కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు పట్టుకుని ఆసుపత్రిలోనే ఉండే ఆ పథకం వాళ్లని కలవండి. అనుమతి వచ్చాకే మొదలుపెడతారు, కాబట్టి మాస్క్ చేయించే రోజుకి ముందే కాగితాలు పెట్టేయాలి. రిటుక్సిమాబ్ లాంటి మందులకి ఎంతవరకు వస్తుందో మాత్రం అక్కడే అడిగి రాయించుకోండి.

విశాఖలో అగనంపూడి హోమీభాభా ఆసుపత్రికి వెళ్లేవాళ్లయితే దువ్వాడలో ఆగే రైలు చూసుకోండి, స్టేషన్‌కి దగ్గర. రోజూ రాజోలు నుంచి తిరగడం జరిగే పని కాదు. ఆసుపత్రి దగ్గర గది తీసుకుని శుక్రవారం సాయంత్రం ఇంటికి రావడమే అందరూ చేసేది.

చించినాడ అమ్మాయి:
అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత రాస్తున్నాను.

నాన్నకి చెప్పాం. అమ్మ ఏడ్చింది, ఆయన ఏడవలేదు. తమ్ముడు గారి నాన్నగారి సంగతీ, శ్రీను గారి అమ్మగారి సంగతీ పేర్లు లేకుండా రెండూ చెప్పాను. మూడు ప్రశ్నలు అడిగారు, మూడూ డబ్బు గురించే. చివర్లో "లెక్కలు రాసుకోలేకపోతే నాకు బతికి ఏం చేసుకోవాలో తెలీదు, గడ్డ మళ్లీ వస్తే అప్పుడు పెట్టించండి" అన్నారు. మేనత్త ఇంకా కోపంగానే ఉంది.

డాక్టరు గారు ఒప్పుకున్నారు. వెన్నునీరు, కళ్లు శుభ్రంగా ఉన్నాయన్నారు. జ్ఞాపకశక్తి పరీక్ష రాయించాం. రేడియేషన్ ఇప్పుడు లేదు, మూడు నెలలకోసారి ఎమ్మారై. ఒకటే టెన్షన్. ప్రతిసారీ కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అంటున్నారు. కీమో టైంలో ఒకసారి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, కాంట్రాస్ట్ లేకుండా తీయించొచ్చా?

కాకినాడ ఆంకో:
కాంట్రాస్ట్ లేకపోతే చిన్న గడ్డ దొరక్కపోవచ్చు, ఆ స్కాన్‌తో మీకు ప్రయోజనం ఉండదు. స్కాన్‌కి ముందు క్రియాటినిన్ చేయించి, రిపోర్టు రేడియాలజీ వాళ్లకి చూపించండి. ఎమ్మారైలో వాడేది గాడోలినియం, సీటీ కాంట్రాస్ట్ వేరు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇంకోటి, ప్రతిసారీ వీలైతే అదే సెంటర్‌లో తీయించి పాత సీడీలన్నీ వెంట తీసుకెళ్లండి.

చించినాడ అమ్మాయి:
అలాగే సార్. సీడీలు అమ్మ బీరువాలో పెట్టింది, రిపోర్టులతో కలిపి ఫైలు చేస్తాను.